మావాడి బీరూ, నా కవ్వమూ

కిందటివారం ఆవకాయ ముచ్చట్లు రాశాను కదా. ఈ వారం బీరు గురించి అనగానే మీలో కొందరు పుట తిప్పేస్తారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగండి. 1992లో నెల్లూరులో సారా దుకాణాల ముందు బైఠాయించిన ఆడవాళ్లలో నేనూ ఒకదాన్ని. మా పెద్దన్నయ్య ఎలా పోయాడో మా వీధి వీధంతా ఎరుగును. అటువంటిదాన్ని, మొన్న వేసవిలో అమెరికాలో మా అబ్బాయి గారేజీలో బీరు బాల్చీ ముందు నిలబడ్డాను.

వెళ్లిన మర్నాడే వాసన పట్టాను. రాగిజావ కాస్తున్నట్టు కమ్మగా ఉంది. "ఏమిట్రా అది?" అంటే మావాడు తల గోక్కున్నాడు. కోడలు వంటింట్లోకి తప్పుకుంది. ఏడేళ్ల మనవడు మాత్రం, "నాన్న బీరు చేస్తాడు బామ్మా! కాని అది సగంలో ఆగిపోతుంది" అని గుట్టంతా బయటపెట్టాడు.

రెండు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. మనదగ్గర లైసెన్సు లేకుండా కాస్తే నేరం. అక్కడ కాదట. 1978లో కార్టరు సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గాలన్ల దాకా, అమ్మకుండా, సొంతానికి కాచుకోవచ్చునట. "నేరం కాకపోతే మంచిదైపోతుందా?" అన్నాను. వాడు బదులు చెప్పలేదు. మూడోనాడు గాజుబుడ్డి ఎదురుగా దిగాలుగా కూర్చుని కనిపించాడు. చిన్నప్పుడు లెక్క తెగకపోతే అచ్చం అలాగే కూర్చునేవాడు. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పిన ప్రాణం కదా, ఉండబట్టలేకపోయాను.

"హైడ్రోమీటరు ఎంత చూపిస్తోంది?"

"1.070 దగ్గర మొదలై 1.032 దగ్గర నిలిచిపోయిందమ్మా. ఇలా జరగడం ఇది రెండోసారి."

చక్కెర కరిగి సారాగా మారేకొద్దీ ఆ అంకె దిగాలి. వాడి లెక్కకి 1.017 దాకా రావాలి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానేసి తీసిన తియ్యటి కషాయాన్ని వాళ్లు వర్టు అంటారు. దాన్ని హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించాడు. రాగి గొట్టపు చుట్ట దించి చల్లార్చాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత సన్నటి గొట్టం బుడ్డి అడుగుదాకా దించి, చుక్క చిందకుండా, చప్పుడు కాకుండా వంపాడట. శుభ్రత కోసం!

"మరి గాలేదిరా?" అన్నాను.

గంటసేపు మరిగినదాంట్లో ఆక్సిజను మిగలదు. పులియడమంటే గాలి లేకుండా సాగే పని అని నేనూ పాఠాల్లో చెప్పినదాన్నే. బీరు మీద 1876లో పుస్తకం వేసిన పాశ్చర్ మహాశయుడి పేరూ చెప్పేదాన్ని. అయితే అది సగం సంగతి. ఈస్టు పనిలోకి దిగేముందు సంతానాన్ని పెంచుకోవాలి. ప్రతి కొత్త కణానికీ ఒక పొర కావాలి. ఆ పొరకు కావలసిన స్టెరాలులూ, కొన్ని రకాల కొవ్వు ఆమ్లాలూ ఆక్సిజను లేనిదే ఈస్టు తయారుచేసుకోలేదు. ఈ సంగతి 1953, 54లలో ఆండ్రియాసెన్, స్టియర్ అనే ఇద్దరు తేల్చారు. పొర నాసిగా ఉంటే, సారా పాలు పెరిగేసరికి ఈస్టు చతికిలబడుతుంది.

"పోనీ ఇప్పుడు గాలి కొట్టేస్తా" అని లేచాడు. కూర్చోబెట్టాను. పులియడం మొదలయ్యాక గాలి తగిలితే బీరు పాతబడి తడి అట్టపెట్టె వాసన వేస్తుంది. ఆ తడవ పారబోయడమే అయింది.

మళ్లీ కాచేరోజున నేనూ చెంగు దోపుకున్నాను. వర్టు 20 డిగ్రీలకు చల్లారాకనే గాలి పట్టించాలి. వేడిగా ఉంటే ఆక్సిజను నిలవదు సరికదా రంగూ రుచీ చెడతాయి. బుడ్డి ఊపుదామన్నాడు. అయిదు గాలన్లంటే ఇరవై కిలోల పైమాట, తడి చేతులు, గాజు! ఒద్దన్నాను. రెండు బాల్చీల మధ్య, కాఫీ తిరగబోసినట్టు ఎత్తునుంచి పోయడం నాకు నచ్చింది. కోడలి కవ్వం అడిగాను కాని, కొయ్య సందుల్లో మజ్జిగ సూక్ష్మజీవులు కాపురముంటాయి కనక మానుకుని, ఉడకబెట్టిన స్టీలు కవ్వంతో చిలికాను. నురగ బాల్చీ అంచు దాటింది. చేతులు నొప్పెట్టాయి.

గాలితో ఎంత చిలికినా లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజనుకు మించి కరగదు. మామూలు బీరుకు అది చాలు. వాడిది చిక్కటిది కనక అందులో వెలితి ఉండకూడదు. అందుకని మనవడి చేపలతొట్టి పంపు మీద కన్నేశాం. వాడు "నా చేపలు చచ్చిపోతాయి!" అని ఏడుపందుకున్నాడు. కొత్త పంపే కొన్నాం. దానికి 0.2 మైక్రాన్ల వడపోత బిగించాలి, లేకపోతే గారేజీ దుమ్మంతా లోపలికే. చివర సన్నటి రంధ్రాల రాయి. అరగంట ఆడించాం, నురగ పొంగినప్పుడల్లా ఆపుతూ. నేరుగా ఆక్సిజను సిలిండరు తెస్తే ఒక్క నిమిషంలో పనైపోతుంది. అయితే పక్కన నిప్పు ఉండరాదు, మోతాదు మించినా ఈస్టుకు చేటే. అన్నట్టు, పొడి ఈస్టు వాడేవారికి ఇంత బాధ లేదు. తయారీలోనే దానికి ఆ కొవ్వుల నిల్వ పెట్టేస్తారు.

మర్నాడు పొద్దున్నకి మూతమీది నీళ్లగొట్టం గుడగుడలాడింది. మనవడు బుడ్డి పక్కనే కూర్చుని బుడగలు లెక్కపెట్టాడు. పన్నెండోనాడు అంకె 1.017.

"రుచి చూస్తావామ్మా?" అన్నాడు. నేను చూడలేదు. జబ్బు చేసి పోయాడని ఇన్నాళ్లూ వాడికి చెప్పుకొచ్చిన పెద్దమామయ్య సంగతి ఆ రాత్రి మొదటినుంచీ చెప్పాను. విన్నాడు. చాలాసేపటికి, ఇకమీదట అయిదు గాలన్లు కాదు, ఒక్క గాలనే కాస్తానన్నాడు.

ఒక్క గాలనుకు పంపూ గింపూ అక్కర్లేదు. ప్లాస్టిక్ జాడీ అయిదు నిమిషాలు ఊపితే సరిపోతుంది.