ముందు మెట్లు లెక్కపెట్టాలి

ఏప్రిల్‌లో పారిస్‌లో జరిగింది ఈపాటికి మన తెలుగు సంఘంలో తెలియని ఇల్లు లేదు. హైదరాబాద్ చిక్కడపల్లి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన దంపతులను, నాలుగు రోజులు పారిస్ చూసి రమ్మని ఇంట్లోవాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలెక్కించారు. రాత్రి తొమ్మిదింటికి వాళ్ళు అద్దె ఫ్లాటు ముందు దిగేసరికి పలకరించే మనిషి లేడు. గోడకు బిగించిన చిన్న పెట్టె, దానికి అంకెల తాళం, లోపల తాళంచెవి. ఫ్లాటు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. పెద్దాయన సూట్‌కేసులు ఒక్కొక్కటిగా పైకి చేరుస్తుంటే, వెనకాల చేతిసంచితో ఎక్కుతున్న ఆవిడ మూడో అంతస్తు మలుపులో జారిపడ్డారు. మెట్ల మీది దీపం కాసేపటికి దానంతటదే ఆరిపోయే రకం. సరిగ్గా అప్పుడే ఆరిపోయింది. ఆవిడ కుడి మణికట్టు విరిగింది.

ఆవిడ కోలుకుంటున్నారు. కానీ ఆ కబురు విన్న దగ్గర్నుంచి సభ్యుల ఇళ్ళల్లో ఒకటే గుబులు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటల్లో పెరిగి ఇక్కడ స్థిరపడినవాళ్ళు సంఘంలో చాలామంది. ఈ వేసవికి వాళ్ళ అమ్మానాన్నలు, అత్తమామలు వస్తున్నారు. టికెట్లు కొన్నారు, వీసాల పని నడుస్తోంది. ఎక్కడ ఉంచాలి, ఏం చూపించాలి అన్నవే మిగిలాయి. అందుకే ఉగాది సభ విశేషాలు లోపలి పేజీలకు జరిగి, ఈ సంపాదకీయం పెద్దల బస గురించి మాట్లాడుతోంది.

ఆ పారిస్ ఫ్లాటు ప్రకటనలో 'లిఫ్టు లేదు' అన్న ముక్క ఉంది. బాల్కనీ ఫొటోలు, పూలకుండీల ఫొటోలు అన్నీ అయ్యాక అట్టడుగున ఉంది. అక్కడిదాకా ఎవరూ చదవలేదు.

వచ్చేవాళ్ళకు తమ ఊళ్ళో రోజెలా గడుస్తుందో పిల్లలు ఒకసారి గుర్తు చేసుకోవాలి. పొద్దున్నే ఇందిరా పార్కులో నడక. వచ్చేదారిలో చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి. కాసేపు సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు. ఎప్పుడైనా మనసైతే నారాయణగూడ తాజ్‌మహల్‌లో టిఫిన్. సాయంత్రం త్యాగరాయ గానసభలో కచేరీనో, పుస్తకావిష్కరణో. బీపీ మాత్రలు అయిపోతే సందు చివరి మందుల షాపుకు ఒక ఫోన్ కొడితే కుర్రాడు తెచ్చిస్తాడు. 2020 ఫిబ్రవరిలో మెట్రో వచ్చాక చిక్కడపల్లిలోనూ నారాయణగూడలోనూ స్టేషన్‌కు లిఫ్టులో వెళ్ళడం అలవాటైంది. డెబ్బై దాటిన మనిషి అక్కడ ఎవరి సాయమూ అడగకుండా రోజంతా గడుపుకుంటున్నాడు. అదే మనిషిని ఇక్కడ హైవే పక్కన చవక హోటల్లో దింపితే, కొడుకు వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవడం తప్ప ఇంకేం చేస్తాడు?

కాబట్టి గది రేటు కంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. మూడు వందల మీటర్ల లోపల ట్రామో బస్సో ఆగాలి. పాలు, పెరుగు, పళ్ళు దొరికే కొట్టు ఉండాలి. బెంచీలున్న పార్కు ఉండాలి. స్నానానికి ఎత్తుగోడల టబ్బు కాకుండా అడుగు నేరుగా పెట్టే షవర్ ఉండాలి. హోటల్ అయితే రాత్రిపూట కౌంటర్‌లో మనిషి ఉండాలి. ఫ్లాటు అయితే వంటిల్లు కలిసొస్తుంది, పెద్దలకు మూడోరోజుకే పప్పూ చారూ మీదికి మనసు పోతుంది. అయితే యజమానికి ముందే ఉత్తరం రాసి రెండు ప్రశ్నలు అడగాలి: వీధిలోంచి గది తలుపు దాకా మెట్లెన్ని, లిఫ్టులో ఎందరు పడతారు. పారిస్ పాత భవనాల్లో మెట్ల మధ్య ఖాళీలో తర్వాత్తర్వాత ఇరికించిన లిఫ్టులే ఎక్కువ. ఇద్దరు ఎక్కితే సూట్‌కేసుకు చోటుండదు.

ఊరూరికీ ఇబ్బంది వేరు. పారిస్ మెట్రోలో పూర్తిగా లిఫ్టులున్నది 14వ లైనుకే. పెద్దలకు అక్కడ బస్సే మేలు, ఊరూ కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల ఒడ్డు పాతిళ్ళలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. పైగా అక్కడ 2024 నుంచి గది అద్దె మీద 12.5 శాతం పర్యాటక పన్ను. రైల్లో పావుగంట దూరంలో హార్లెమ్ ఉంది, నిదానమైన ఊరు. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. రైల్లో పది నిమిషాల అవతల మెస్త్రేలో దిగితే సామాను బాధ తప్పుతుంది. రద్దీ రోజుల్లో ఒక్కపూటకు వచ్చిపోయేవాళ్ళ దగ్గర వెనిస్ నగరపాలిక 5 యూరోల రుసుము తీసుకుంటుంది, ఆలస్యంగా కడితే 10. మెస్త్రే కూడా ఆ నగరపాలిక కిందిదే కాబట్టి అక్కడ బస చేసేవాళ్ళకు రుసుము లేదు. మినహాయింపు మాత్రం ముందుగా నమోదు చేసుకోవాలి.

ఎండ సంగతి పెద్దలు అసలు ఒప్పుకోరు. "మేం 42 డిగ్రీలు చూసినవాళ్ళం, మీ ఎండ మాకొక లెక్కా" అంటారు. కానీ హైదరాబాద్ ఇంట్లో తలమీద ఫ్యాను తిరుగుతుంది, కూలరో ఏసీనో ఉంటుంది, మధ్యాహ్నం ఎవరూ బయటికి పోరు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో ఏసీ మాట దేవుడెరుగు, సీలింగు ఫ్యానైనా ఉండదు. చలికాలం వెచ్చదనం పోకుండా కట్టిన గోడలు వేసవి వేడినీ అలాగే పట్టి ఉంచుతాయి. జూన్‌లో పారిస్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు పోదు. 2003 ఆగస్టు వడగాడ్పులకు ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది వృద్ధులే. 2025 జూలై మొదట్లో వేడికి ఈఫిల్ టవర్ పై అంతస్తు మూసేశారు. అదే నెలలో ఏథెన్స్‌లో అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పూట మూశారు. జూలై, ఆగస్టుల్లో పెద్దలను తిప్పదలిస్తే ఏసీ ఉన్న గదే తీసుకోవాలి. మే, సెప్టెంబర్‌లకు జరుపుకోగలిగితే ఇంకా మంచిది.

ఇక ఏం చూపించాలన్నది. పది రోజుల్లో ఏడు దేశాల బస్సు ప్యాకేజీ కొని పెద్దలను ఎక్కించేస్తే పనైపోయిందనుకునే ఇళ్ళు సంఘంలో ఉన్నాయి. తెల్లారి ఆరింటికి సామాను బయటపెట్టాలి, బాత్రూమ్ కోసం బస్సు ఆగేదాకా ఓర్చుకోవాలి. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ ఓర్పు శిక్ష. 'మళ్ళీ వస్తారో లేదో' అన్న బెంగే ఈ హడావిడికి మూలం. ఆ బెంగ కొంత తగ్గించుకోవచ్చు. భారతీయులకు 2024 ఏప్రిల్ నుంచి షెంగెన్ నిబంధన మారింది. గత మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడినవాళ్ళు రెండేళ్ళ వీసాకు, ఆ తర్వాత ఐదేళ్ళ వీసాకు అర్హులు. ఈసారి రెండు ఊళ్ళు చాలు. మిగతావి మరోసారికి.

ఆ రెండు ఊళ్ళేవో పెద్దలనే అడగాలి. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళిన కార్యవర్గ సభ్యులు నారాయణగూడలో ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుణ్ణి కలిశారు. ఆయన క్యాలెండర్ కాగితం వెనకాల పెన్సిల్‌తో రాసుకున్న జాబితాలో ఈఫిల్ టవర్‌కు ఎదురుగా 'కింది నుంచి చాలు' అని ఉంది. మొదటి వరసలో మాత్రం డ్రెస్డెన్. ఆయన కొడుకు, కోడలు ఆ పేరు అనుకోనైనా అనుకోలేదు. అక్కడి గ్రీన్ వాల్ట్ భాండాగారంలో ఉన్న 41 క్యారెట్ల ఆకుపచ్చ వజ్రం మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. 2019 నవంబర్‌లో అక్కడ దొంగలు పడినప్పుడు అది ప్రదర్శన కోసం న్యూయార్క్‌లో ఉంది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. ఆ నేల రాయిని చూడాలన్న కోరిక పెద్దాయనది. అదే కొల్లూరులో 1698లో దొరికిన రీజెంట్ వజ్రం, 140 క్యారెట్లది, పారిస్ లూవ్ర్ మ్యూజియం సొత్తు. 2025 అక్టోబర్ 19న అక్కడ జరిగిన దోపిడీలో దాని జోలికి దొంగలు పోలేదు కానీ ఆ తర్వాత అది ఉన్న గది మూసేశారు. దానికోసమే వెళ్ళేవాళ్ళు ముందు విచారించుకోవాలి. 2026 జనవరి నుంచి ఐరోపా బయటివాళ్ళకు లూవ్ర్ టికెట్ 32 యూరోలు. మంగళవారం సెలవు. నడవలేనివాళ్ళకు చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

మంచుకొండ చూడాలన్న ముచ్చట అందరిదీ. స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్ ఎత్తు 3,454 మీటర్లు. అక్కడ గాలి పలచన. గుండె మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఎక్కకూడదు. అలాంటివాళ్ళను సుమారు 1,800 మీటర్ల రీగి కొండకు 1871లో వేసిన పళ్ళచక్రాల రైలు ఇప్పటికీ శిఖరం దాకా తీసుకెళ్తుంది. చుట్టూ సరస్సులు, ఎదురుగా ఆల్ప్స్. ఊపిరికి అంత ఇబ్బంది ఉండదు.

కాగితాల సంగతి క్లుప్తంగా. వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. వీసా కోసం ఒక హోటల్ చూపించి తర్వాత దాన్ని రద్దు చేసి వేరే దేశం తిప్పే పద్ధతి ప్రమాదం. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త సరిహద్దు నమోదు పద్ధతిలో పాస్‌పోర్టు మీద ముద్రలకు బదులు రాకపోకల లెక్కంతా కంప్యూటర్‌లో ఉంటోంది. 180 రోజుల్లో 90 దాటి ఒక్కరోజు ఉన్నా దొరికిపోతారు. కోహినూరు కోసం లండన్ వెళ్ళాలంటే బ్రిటన్ వీసా వేరే.

బీమా గురించి సంఘం చేతులు జోడించి అడుగుతోంది. వీసాకు 30,000 యూరోల బీమా చాలు. అంతటితో నిశ్చింతగా ఉండకూడదు. చౌక పాలసీల్లో చాలావాటికి పాత జబ్బుల ఖర్చు వర్తించదు. బీపీ, షుగర్, గుండెకు వేసిన స్టెంటు, ఏదీ దాచకుండా రాసి, పాలసీలో ఆ షరతు చదివి కొనాలి. ఇక్కడి మందుల షాపులు హైదరాబాద్ చీటీకి మందులివ్వవు. ఉన్నన్ని రోజులకూ సరిపడా మందులు, పదిహేను రోజులవి అదనంగా, చేతిసంచిలోనే పెట్టించాలి. చీటీ మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు రాయించాలి. బస చిరునామా, పిల్లల ఫోన్ నంబరు, అత్యవసర నంబరు 112 ఉన్న కాగితం పెద్దాయన చొక్కా జేబులో ఒకటి, పెద్దావిడ పర్సులో ఒకటి ఉండాలి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు. ఆ రాత్రి పారిస్‌లో ఫోన్ బ్యాటరీ అయిపోయింది.

ఒక్క మాట గట్టిగానే చెప్పక తప్పదు. సెలవు దొరకలేదని పెద్దలను ఒంటరిగా కొత్త ఊరికి పంపడం తగదు. వాళ్ళు వద్దనరు, పిల్లల డబ్బు వృథా అవుతుందని నొప్పి కూడా చెప్పరు. రెండు రోజుల సెలవే ఉంటే రెండు రోజుల ఊరే చూపించాలి, పక్కన ఉండి చూపించాలి.

పారిస్ ఆస్పత్రిలో తెల్లవార్లూ ఉండి ఫ్రెంచిలో మాట్లాడిపెట్టిన విద్యార్థినికి, మూడు రోజులు భోజనం మోసిన అక్కడి తెలుగు కుటుంబానికి సంఘం కృతజ్ఞతలు.

ఇక సంఘం ప్రకటనలు. సభ్యత్వ రుసుము జూన్ 30 లోపు చెల్లించాలి. పిల్లల తెలుగు తరగతులకు ఆగస్టు అంతా సెలవు. జూన్ రెండో ఆదివారం పెద్దల కోసం పార్కులో కలయిక ఉంటుంది, కారు లేనివాళ్ళను తీసుకురావడానికి నలుగురు స్వచ్ఛంద సేవకులు కావాలి. తల్లిదండ్రులను ఉంచిన బసల్లో మెట్లు, లిఫ్టు, స్నానాల గది ఎలా ఉన్నాయో సభ్యులు అరపేజీ రాసి పంపితే ఊరివారీగా జాబితా తయారుచేసి వినాయక చవితి సంచికలో వేస్తాం. రచనలకు గడువు జూలై 31.