‘నెక్స్ట్’ నొక్కితే సైన్స్ రాదు

ఆన్‌లైన్ సైన్స్ కోర్సుల్లో ‘ఇంటరాక్టివ్’ అని ముద్ర వేసుకుని వచ్చేవాటిలో చాలావరకు వేలికి తప్ప బుర్రకు పని పెట్టవు. మైటోకాండ్రియా అన్న పేరును లాక్కెళ్లి కణం బొమ్మ మీద సరైన చోట వదిలితే టిక్కు పడుతుంది. తప్పు చోట వదిలితే ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుంది. పిల్లవాడు కనబడ్డ ప్రతి గడిలోనూ వదిలి చూస్తాడు, ఎక్కడో ఒకచోట అతుక్కుంటుంది. మన జూనియర్ కాలేజీల్లో సీనియర్ల దగ్గర తెచ్చుకుని ప్రాక్టికల్స్ రికార్డు దించేయడానికీ దీనికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు. అది కాగితం మీద, ఇది తెర మీద, అంతే.

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇప్పుడు సింగపూర్‌లో పాయా లేబర్ దగ్గర ఉంటూ ఆన్‌లైన్ సైన్స్ పాఠాలకు యాక్టివిటీలు తయారుచేస్తున్నాను. పాయా లేబర్ ఎంఆర్‌టీ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, యూనోస్ రోడ్ 8 మీద లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2014లో తెరిచారు. ఈ పనికి నేను శిక్షణ తీసుకున్నది ఆ భవనంలోనే. ఇక్కడ ప్రభుత్వ గుర్తింపు ఉన్న వృత్తి కోర్సు చెప్పాలంటే సబ్జెక్టు వస్తే చాలదు, ఎలా చెప్పాలో విడిగా నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఎంత అనుభవం ఉన్న ఇంజినీరైనా బెంచీ మీద కూర్చోవలసిందే. మన దగ్గర ఈ మాట అంటే పెద్ద లెక్చరర్లకు కోపం వస్తుంది.

యాక్టివిటీ బాగుందో లేదో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే. జవాబు కనబడేలోపు పిల్లవాడు తన ఊహను బయటపెట్టాడా, లేదా? ఒకేలాంటి రెండు బల్బులను బ్యాటరీకి వరసగా కలిపామనుకోండి. ఏది ఎక్కువ వెలుగుతుంది? ‘మొదటిదే మేడమ్, కరెంటు ముందు దాన్లోకే కదా వెళ్లేది!’ గుంటూరులో విన్నాను, ఇక్కడా విన్నాను. దారిలో బల్బు కరెంటును కొంత తినేస్తుందని పిల్లల నమ్మకం. కాబట్టి ఆప్షన్లు పాఠ్యపుస్తకంలోంచి కాదు, ఆ నమ్మకంలోంచి రాయాలి. పిల్లవాడు ‘మొదటి బల్బు’ అని నొక్కితే నా పాఠం తప్పు అనదు. బ్యాటరీని తిప్పి పెట్టి చూడమంటుంది. ఇప్పుడు కరెంటు ముందు వెళ్లేది రెండో బల్బులోకి. మరి వెలుగు మారిందా? అక్కడ వాడు ఆగుతాడు. ఆ ఆగడం కోసమే ఈ తిప్పలన్నీ.

ఇందుకు కావలసిన సామగ్రి ఉచితంగానే దొరుకుతోంది. ఫిజిక్స్‌లో 2001 నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ సిమ్యులేషన్లు మొదలుపెట్టారు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. వీటి మీద 2005లో అక్కడివాళ్లే ఒక పరిశోధన ప్రచురించారు. నిజం తీగలు, బల్బులతో ప్రయోగం చేసినవాళ్లకంటే తెర మీద చేసినవాళ్లకు విషయం బాగా బోధపడింది. విచిత్రమేమిటంటే, తర్వాత నిజం సర్క్యూట్ కట్టమన్నప్పుడు కూడా వాళ్లదే పైచేయి. ఎలక్ట్రాన్లు నడుస్తున్నట్టు తెర చూపిస్తుంది, తీగ చూపించదు.

అలాగని అన్నీ తెరలోనే ఇరికించాలని కాదు. నాకు బాగా ఇష్టమైన యాక్టివిటీలో తెర పని చాలా తక్కువ. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో నీడ మాయమైందని పత్రికల్లో ఫొటోలు వేస్తారు కదా. ఇక్కడ ఆ ముచ్చట మార్చి, సెప్టెంబర్ నెలల్లో, రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల దరిదాపుల్లో వస్తుంది. ఆ రోజుల్లో మా బ్లాకులోని తెలుగు పిల్లలు మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలుస్తారు, గుంటూరులో వాళ్ల పిన్ని పిల్లలు కూడా కొలుస్తారు. కొలతలు ఒకే షీటులో పడతాయి.

మొదటి గొడవ టైము దగ్గరే. గడియారంలో పన్నెండు కాగానే ఇక్కడి పిల్లలు కర్ర పట్టుకుని దిగిపోతారు. నీడ పొడుగ్గా ఉంటుంది. సింగపూర్ గడియారం దాని రేఖాంశం కంటే గంటకు పైగా ముందు నడుస్తుంది, అసలు మిట్టమధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. ఇది నేను ముందుగా చెప్పను. నీడ ఎప్పుడు అతి పొట్టిగా ఉందో కొలుస్తూ వాళ్లే పట్టుకోవాలి. అప్పుడు పాయా లేబర్‌లో నీడ రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. గుంటూరులో 29 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కోణాల్లోకి మారిస్తే తేడా 15 డిగ్రీలు. పూర్తి వృత్తంలో 15 డిగ్రీలు 24 సార్లు పడతాయి. ఇక రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 24తో గుణిస్తే భూమి చుట్టుకొలత!

ఉచ్చు ఇక్కడ ఉంది. పిల్లలు మ్యాపులో రెండు ఊళ్ల మధ్య గీత లాగి దాదాపు 3,000 కిలోమీటర్లు అని పట్టుకొస్తారు. గుణిస్తే 72,000. ఎరటోస్తనీస్ రెండు వేల ఏళ్ల కిందట అలెగ్జాండ్రియా నీడతో కట్టిన లెక్కే మనకంటే నయం, భూమి ఇంత ఉబ్బిందేమిటి అని అడుగుతాను. ఉత్తర దక్షిణాల దూరం మాత్రమే తీసుకోవాలని ఒకరికి తడుతుంది. అది సుమారు 1,660 కిలోమీటర్లు. ఈసారి లెక్క 40,000 దగ్గర ఆగుతుంది. ఈ రెండు లెక్కల నడుమ వాట్సాప్ గ్రూపులో జరిగే వాదనే పాఠం.

ఈలోగా ఒక తల్లి అడుగుతారు: ‘మేడమ్, మీరేమీ చెప్పరా? అన్నీ పిల్లల చేతే చేయిస్తారా?’ ఆవిడను తప్పుపట్టను. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, తమంతట తాము కుస్తీపట్టినవాళ్లు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్ష పెడితే ఫలితం తిరగబడింది. హాయిగా సాగే వీడియో మోసం చేసేది ఇక్కడే.

తెలంగాణ 2020 సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలు చెప్పింది. బడులు మూసేసిన రోజుల్లో అంతకంటే చేయగలిగింది లేదు. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. పరికరం చేతికి వచ్చింది, సంతోషమే. కానీ అందులో ఇంకో వెయ్యి వీడియోలు కుక్కడానికి పెట్టే డబ్బును రెండు రాష్ట్రాలూ మంచి సైన్స్ టీచర్లను ఒక ఏడాది పాఠాల బాధ్యత నుంచి తప్పించి, యాక్టివిటీలు రాయించడానికి వాడాలి. బయటి కంపెనీకి అప్పగిస్తే బొమ్మలు అందంగా వస్తాయి. అయితే పదో తరగతి జవాబు పత్రాలు ఏళ్ల తరబడి దిద్దిన మాస్టారికి తెలిసినట్టు, పిల్లలు ఎక్కడ ఎలా తడబడతారో వాళ్లకు తెలియదు.

మొదలుపెట్టడానికి నీడ యాక్టివిటీయే ఇస్తాను, పైసా అక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి మండలంలో ఒక బడి సెప్టెంబర్ 22 ప్రాంతంలో నీడ కొలిచి పంపితే చాలు, ఇటువైపు కొలతలు మా పిల్లలు పంపుతారు. మబ్బు పడితే మర్నాడు కొలవవచ్చు. సూర్యుడు ఉత్తర దక్షిణాలుగా రోజుకు అర డిగ్రీ కూడా జరగడు.