గరాజ్ తలుపు ఎవరి మాట వింటుంది?

అమెరికా శివారు ఇళ్లలో వీధి తలుపు చుట్టాలకూ కొరియర్లకూ. ఇంట్లోవాళ్ల రాకపోకలు గరాజ్ గుండానే. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది రోజూ ఉండే సంగతే. ఆ తలుపును ఫోన్‌తో తెరిచి మూసే స్మార్ట్ కంట్రోలర్ సుమారు 30 డాలర్ల నుంచి దొరుకుతుంది. డబ్బా మీద యాప్ బొమ్మా, వాయిస్ అసిస్టెంట్ల గుర్తులూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొనేముందు చూడాల్సింది మాత్రం డబ్బాను కాదు, గరాజ్ పైకప్పుకు వేలాడుతున్న మోటారును.

పైకి లేచే గరాజ్ తలుపును 1921లో, దాన్ని కరెంటుతో ఎత్తే ఓపెనర్‌ను 1926లో రూపొందించింది సి.జి. జాన్సన్. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు గోడ మీటకూ మోటారుకూ మధ్య ఉన్నది రెండు సన్నటి తీగలే. మీట నొక్కితే ఆ రెండూ క్షణంపాటు కలుస్తాయి, మోటారు కదులుతుంది. స్మార్ట్ కంట్రోలర్లలో ఎక్కువ భాగం చేసేదీ అంతే. లోపలున్న రిలే ఆ తీగల్ని కలిపి విడదీస్తుంది. అందుకే పాత మోటార్లకు దాదాపు ఏ కంట్రోలరైనా సరిపోతుంది.

చిక్కు కొత్తవాటితోనే. చాంబర్లేన్ కంపెనీ 2011లో సెక్యూరిటీ ప్లస్ 2.0 అనే పద్ధతి తెచ్చింది. లిఫ్ట్‌మాస్టర్ బ్రాండ్ కూడా ఈ కంపెనీదే. ఈ మోటార్లలో గోడ మీట తీగల్ని కలపదు, వాటి గుండా సంకేత సందేశం పంపుతుంది. ఉత్త రిలే వాటిని కదిలించలేదు. ఇది తెలుసుకోవడానికి నిచ్చెన వేసుకుని మోటారు మీద ‘లెర్న్’ అని రాసి ఉన్న బొత్తాం రంగు చూస్తే చాలు. ఊదా, ఎరుపు, నారింజ అయితే మామూలు కంట్రోలర్ పనిచేస్తుంది. పసుపు అయితే మధ్యలో అడాప్టర్ కావాలి. కొందరు తయారీదారులు దాన్ని విడిగా ఇస్తారు, కొందరు అసలు ఇవ్వరు. ఇతర కంపెనీల మోటార్లకు కంట్రోలర్ తయారీదారు ప్రకటించే మోడళ్ల జాబితాయే ఆధారం. నిచ్చెన ఎక్కినప్పుడు మోటారు మీద వైఫై గుర్తు ఉందేమో కూడా చూడాలి. ఉంటే కంట్రోలర్ లోపలే ఉన్నట్టు, విడిగా కొననక్కర్లేదు.

మోటారు తయారైన సంవత్సరానికి ఇంకో ప్రాముఖ్యం ఉంది. 1993 జనవరి 1 తర్వాత అమెరికాలో తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌కూ, తలుపు కింద ఎవరైనా చిక్కుకోకుండా ఆపే ఏర్పాటు ఉండాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. తలుపుకు రెండు పక్కలా నేల నుంచి 6 అంగుళాలు దాటని ఎత్తులో కనిపించే కాంతి కళ్లు అందుకే. మూసుకునే తలుపు కింద పసిపిల్ల పాకుతున్నా ఆ కిరణం తెగి తలుపు వెనక్కి లేస్తుంది. అంతకన్నా పాత మోటారుకు కంట్రోలర్ తగిలించడం తెలిసి తెలిసి ప్రమాదం కొనితెచ్చుకోవడమే. అక్కడ మార్చాల్సింది మోటారును.

తలుపు కంటికి కనపడని చోటి నుంచి దాన్ని మూస్తే మరో నియమం వర్తిస్తుంది. యూఎల్ 325 ప్రమాణం ప్రకారం తలుపు కదలడానికి ముందు కనీసం 5 సెకన్లు దీపం వెలగాలి, శబ్దం రావాలి. చవకగా దొరికే కొన్ని రిలే పెట్టెల్లో ఈ రెండూ ఉండవు. ధర ఎంత తక్కువైనా అవి పిల్లలున్న ఇంటికి తగవు. ఒకే పలకగా పైకి తిరిగే పాతకాలపు తలుపులను దూరం నుంచి నడపడం అసలే కూడదు. ఈ సౌకర్యం మడతలుగా లేచే తలుపులకే. తలుపు బరువు మోసేది స్ప్రింగులు, మోటారు కాదు. కాబట్టి తలుపు మూసి ఉన్నప్పుడు ఓపెనర్‌కు వేలాడే ఎర్ర తాడు లాగి మోటారును విడదీసి, చేత్తో సగం దాకా ఎత్తి వదిలితే అది ఉన్నచోటే నిలవాలి. జారిపోతే ముందు మెకానిక్‌ను పిలవాలి. స్ప్రింగుల మీద సొంత ప్రయోగాలు వద్దు.

రిలేకు తెలిసింది ‘నొక్కడం’ ఒక్కటే. తలుపు తెరిచి ఉందో, మూసి ఉందో చెప్పేది సెన్సర్. తలుపు మీద అంటించే వాలు సెన్సర్ బిగించడం తేలిక, కానీ దాని బ్యాటరీ ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది. అయస్కాంతంతో పనిచేసే తీగ సెన్సర్‌కు గోడ వెంట తీగ లాగే చాకిరీ ఒక్కరోజుది, ఆ తర్వాత బ్యాటరీ బెడద లేదు. ఆఫీసులో కూర్చుని ‘మూసి ఉంది’ అన్న అక్షరాలను నమ్మాల్సిన వాళ్లకు తీగ సెన్సరే మేలు.

ఇక అన్నిటికన్నా తక్కువ మంది అడిగే ప్రశ్న: ఫోన్‌లో నొక్కిన ఆదేశం తలుపు దాకా ఏ దారిన పోతుంది? చాలా కంట్రోలర్లలో అది ముందు కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఇంటికి తిరిగి వస్తుంది. అంటే తలుపు యజమానిది, తాళంచెవి కంపెనీది. 2017లో గరాడ్జెట్ అనే కంట్రోలర్ కొన్న ఒకరు అమెజాన్‌లో ఘాటుగా ఒక్క నక్షత్రం రివ్యూ రాస్తే, తయారీదారు ఆయన పరికరానికి సర్వర్ సంబంధాన్నే తెంచేశాడు. 2022 ఏప్రిల్‌లో స్మార్ట్ హోమ్ కంపెనీ ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందస్తు కబురు లేకుండా ఆగిపోయాయి. 2023లో చాంబర్లేన్ తన మైక్యూ సేవను బయటి సాఫ్ట్‌వేర్లు అనుమతి లేకుండా వాడకుండా అడ్డుకుంది. ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్ ఆ డిసెంబరు విడుదలలో మైక్యూ జోడింపును తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బయటపడ్డ నెక్స్ వ్యవహారం ఇంకా దారుణం. ఆ కంపెనీ పరికరాలన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ ఉందని, ఎక్కడి నుంచైనా ఎవరి గరాజైనా తెరవవచ్చని భద్రతా పరిశోధకుడు శామ్ సబేటాన్ చూపించాడు. ఆయన అంచనాలో అలాంటి పరికరాలు 40 వేలకు పైనే. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా హెచ్చరిక జారీ చేసింది.

ఇవన్నీ చూశాక, ఇంటి వైఫైలోనే ఆదేశం పూర్తయ్యే కంట్రోలర్‌కు కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదనిపిస్తుంది. యాపిల్ హోమ్‌కిట్‌కు నేరుగా కలిసేవి ఇంట్లో ఉన్నంతసేపు కంపెనీ సర్వర్ మొహం చూడనక్కర్లేదు. పసుపు బొత్తాం మోటార్ల సంకేత భాషనే మాట్లాడే రాట్‌గ్డో అనే చిన్న బోర్డు కూడా ఇలాంటిదే. అయితే దాన్ని అమర్చడానికి కొంచెం ఓపిక, తీగలంటే భయం లేకపోవడం కావాలి. అంత తీరిక లేనివాళ్లు పేరున్న కంపెనీ సర్వర్‌ను నమ్ముకోవచ్చు, కానీ దేన్ని నమ్ముకుంటున్నారో తెలిసి నమ్ముకోవాలి.

ఫోన్ వచ్చాకే దొంగలకు దారి దొరికిందనుకోవడం మాత్రం పొరపాటు. 2015లో సామీ కామ్‌కార్ అనే పరిశోధకుడు మ్యాటెల్ వారి పిల్లల మెసేజింగ్ బొమ్మను మార్చి, మారని కోడ్ వాడే పాత రిమోట్ల తలుపులను 10 సెకన్లలోపే తెరిచి చూపాడు. రిమోట్ లోపల చిన్న చిన్న స్విచ్చుల వరుస ఉంటే అది ఆ కాలపుదే. అలాంటి తలుపుకు ఎంత మంచి కంట్రోలర్ పెట్టినా దొడ్డిదారి తెరిచే ఉంటుంది.

సౌకర్యాల జాబితాలో నిజంగా ఉపయోగపడేది రాత్రి నిర్ణీత సమయానికి తలుపు దానంతటదే మూసుకోవడం. కారు వీధి మొగ తిరగగానే తానే తెరుచుకోవడం ముచ్చటగా ఉంటుంది గానీ, లొకేషన్ ఒక్కసారి తప్పినా ఇల్లు బార్లా తెరుచుకుంటుంది. నోటి మాటతో తెరవడానికి పిన్ తప్పనిసరిగా పెట్టుకోవాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తే వాళ్లకు యాప్ కన్నా గోడ మీద అంకెల కీప్యాడే సుఖం.

కంట్రోలర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి, అది గరాజ్ దాకా అందుతోందో లేదో ఫోన్ పట్టుకుని ముందే చూసుకోవచ్చు. కరెంటు పోతే చాలా కంట్రోలర్లు పనిచేయవు. 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గరాజ్ తలుపు ఎత్తలేక ఉత్తర కాలిఫోర్నియాలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత 2019 జూలై 1 నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే ప్రతి కొత్త ఓపెనర్‌కూ బ్యాటరీ ఉండాలని చట్టం వచ్చింది. మిగతా రాష్ట్రాల్లో ఉండేవాళ్లూ మోటారు మార్చేటప్పుడు బ్యాటరీ ఉన్నదే అడగవచ్చు. ఎర్ర తాడు ఎక్కడుందో, ఎలా లాగాలో ఇంట్లో అందరికీ చూపించి ఉంచాలి.

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో గరాజ్ అరుదు. ఇక్కడ మోటారు ఉండేది పక్కకు జరిగే గేటుకు. నైస్, కేమ్, బీఎఫ్‌టీ వంటి ఇటలీ కంపెనీల గేటు మోటార్లలోనూ రెండు తీగలు కలిపితే కదిలే టెర్మినళ్లు ఉంటాయి కాబట్టి రిలే కంట్రోలర్ పనిచేస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కాంతి కళ్ల (ఫోటోసెల్) జత వద్దనుకున్న గేట్లకు మాత్రం ముందు అది పెట్టించాలి, ఆ తర్వాతే ఫోన్ సంగతి.