రిజిష్టరు ఉత్తరము

తపాలా వెలలు హెచ్చెనని మొఱవెట్టుట క్రొత్త గాదు. కాని యీ పర్యాయము మాఱినది వెల మాత్రమే కాదు. 2025లో రిజిష్టరు తపాలా స్పీడు పోస్టులో లీనమైనది. అక్టోబరు 1న స్పీడు పోస్టు రుసుములు పెరిగినవి. విలీనములు బెంగుళూరికి వింత గావు. చిక్కదేవరాయ ఒడెయరు నాటి మైసూరు అంచె 1889లో బ్రిటిషు తపాలాలో గలిసినదే. నాటి మాట యటుండ నిండు.

చిక్కపేట యంగళ్ళకు పట్టుచీరలిచ్చిన ధర్మవరపు నేతగాడు బాకీకై నోటీసు పంపవలెనన్న, ఇదివఱకు తేలికపాటి రిజిష్టరు ఉత్తరమునకు పన్నుతో 25 రూపాయల 96 పైసలు చాలెడివి. ఇప్పుడో, 50 గ్రాముల లోపు స్పీడు పోస్టుకు 47, రిజిష్ట్రేషనుకు 5, పన్నుతో వెరసి 61 రూపాయల 36 పైసలు! చిక్కపేటనుండి మల్లేశ్వరమునకైన 28 రూపాయల 32 పైసలే. ఊరిలోనివానికి మనిషినైన నంపవచ్చును. పొరుగూరివానికే గదా తపాలా యక్కఱ? 1854లో దూరముతో నిమిత్తము లేక పావు తులపు ఉత్తరమునకు అర్ధణా యనిరి. ఊరు దాటిన వెనుక నేటికిని వెల యొక్కటే గాని, నాటి చౌక యేది?

క్షేమసమాచారములు సెల్‌ఫోనులలోనికి బోయినవి. తపాలాకు మిగిలిన ఘనకార్యము సాక్ష్యము. ఉత్తరము జాడ తెలియుట మేలే, మేమును కాదనము. కాని బాకీ యడుగువానికి వలసినది వేగము కాదు, ముట్టినదను ఋజువు. 5 రూపాయల సాదా కవరులో నది లేదు. మెల్లగా బోయినను సరే, ఋజువు నిచ్చు చౌక తరగతి నొకదానిని తపాలాశాఖవారు తిరిగి యేర్పఱుపవలెను.