మా లోయ పిల్లలకు ఇచ్చిన పని ఇదా?

"ఏసీ గదిలో కూర్చుని జీతం తీసుకుంటున్నావు, ఇంకా నీకేం తక్కువైందిరా?" సెలవుకు ఇంటికొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ కుర్రాడూ మా కంబంలో ఈ మాట వింటున్నాడు. నేను చెబుతున్నది పెద్ద చెరువున్న ఆంధ్ర కంబం గురించి కాదు. పడమటి కనుమల కింద, తేని జిల్లాలో, తరతరాలుగా తెలుగు ఇళ్ళున్న కంబం గురించి. అడిగేవాళ్ళు ప్రేమతోనే అడుగుతారు. తెల్లవారకముందే జీపులో ఇరుక్కుని కొండెక్కి, ఇడుక్కి ఏలకుల తోటల్లో కూలి చేసి, చీకటి పడ్డాక దిగి వచ్చే తల్లికి చెన్నైలోని చల్లటి గది గొప్పగా కనిపించడంలో తప్పేముంది? కుర్రాడు జవాబు చెప్పలేడు. తల దించుకుంటాడు. వాడి తల అలా దించిన వాళ్ళ మీదే నా కోపమంతా.

తక్కువైంది ఉంది. హాజరు తీసుకున్నారు, గంటలు తీసుకున్నారు, నిద్ర తీసుకున్నారు. పని మాత్రం ఇవ్వలేదు.

ఇంజనీరు పని అంటే ఏమిటో తెలియని ఊరు కాదు మాది. పడమటికి పారి అరేబియా సముద్రంలో కలిసిపోయే పెరియార్ నీళ్ళను ఆనకట్టతో ఆపి, కొండను తొలిచి, తూర్పుకు మళ్ళించారు. 1887లో మొదలైన పని 1895లో పూర్తయింది. మధ్యలో కట్టింది కట్టినట్టు వరద ఊడ్చుకుపోతే బ్రిటిష్ ఇంజనీరు జాన్ పెన్నిక్విక్ మళ్ళీ కట్టించాడు. ఆ పని మీద జ్వరాలకు, కలరాకు బలైన కూలీలను వదిలేసి ఆయన్నొక్కణ్ణే పొగడడం నాకు నచ్చదు. అయినా ఒకటి నిజం. కంబం లోయలో రెండు కార్లు వరి పండుతోందన్నా, పన్నీరు ద్రాక్ష పందిళ్ళు పచ్చగా ఉన్నాయన్నా, మదురై దాటి రామనాథపురం దాకా పొలాలు తడుస్తున్నాయన్నా ఆ సొరంగం చలవే. అందుకే జనవరి 15న ఆయన పుట్టినరోజుకు ఇక్కడి రైతులు పొంగలి వండుతారు. కొందరు పిల్లలకు ఆయన పేరే పెట్టుకున్నారు. లోయర్ క్యాంప్‌లో 2013లో ఆయన పేరిట మండపం లేచింది. పరాయి దేశం ఇంజనీరుకు నూరేళ్ళు దాటాక కూడా కొత్త బియ్యంతో మొక్కుతున్న ఊరు ఇది.

ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లకు మనం ఇచ్చిన పని చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మూడు భాషల్లో ఆలోచించగల తల అది. ఆమె ముందుకు ఒక టికెట్ వస్తుంది. ఎక్కడో అమెరికా బీమా కంపెనీ, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాం. అందులో ఒక ఫైలు తెరిచి, ఒక విలువ మార్చి, స్క్రీన్‌షాట్ తీసి, ఎక్సెల్ షీటులో అతికించి, టికెట్ మూసెయ్యాలి. ఆ విలువ ఎందుకు మారిందో ఆమెకు ఎవరూ చెప్పరు. అడిగితే, "అది మన స్కోప్ కాదమ్మా" అంటారు. రాత్రి షిఫ్టు, పొద్దున క్యాబ్, టైమ్‌షీట్‌లో తొమ్మిది గంటలు. రెండేళ్ళు పోయాక వేరే కంపెనీ ఇంటర్వ్యూలో, "నువ్వు సొంతంగా ఏం కట్టావు?" అని అడుగుతారు. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, బీటెక్‌లో డిస్టింక్షన్ వచ్చిన పిల్ల, ఆ గదిలోంచి తనకేమీ చేతకాదని నమ్మి బయటికి వస్తుంది. ఈ నమ్మకం కలిగించడాన్ని నేను నేరం అంటాను.

ఇది ఎవరో ఒక చెడ్డ మేనేజరు పని అనుకుంటే పొరపాటు. వ్యాపారమే అలా కట్టారు. సర్వీస్ కంపెనీ ప్రధానంగా అమ్మేది మనుషుల గంటల్ని. ఎంతమంది, ఎన్ని గంటలు, గంటకు ఎన్ని డాలర్లు. లాభం మిగలాలంటే కింద చవకగా దొరికే కొత్తవాళ్ళు గుంపుగా ఉండాలి, పైన ఖరీదైన అనుభవజ్ఞులు కొద్దిమందే ఉండాలి. కింద ఉన్నవాడికి పూర్తిగా పని నేర్పితే వాడు ఖరీదవుతాడు, లేదా వెళ్ళిపోతాడు. కాబట్టి ఒక మూల పని, ఒక ముక్క పని నేర్పి, ఆ ముక్క దగ్గరే కట్టేస్తారు. అక్కడ ఊపిరాడని వాడికి, "నీ వైఖరి మార్చుకో" అని ఒక ఉపన్యాసం, "ఈ సర్టిఫికెట్ కోర్సు చెయ్యి" అని ఒక లింకు. చేసిన కోర్సుకు, ఇచ్చే పనికి సంబంధం ఉండదు.

జీతం సంగతి ఎత్తితే కుర్రాళ్ళకు ఓపిక లేదంటారు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో కొత్తవాడి జీతం దాదాపు పదిహేనేళ్ళుగా ఏడాదికి 3 నుంచి 3.5 లక్షల దగ్గరే కూర్చుంది. ఈలోగా చెన్నైలో, బెంగళూరులో గది అద్దె ఆగిందా? 2023 ఫిబ్రవరిలో విప్రో 6.5 లక్షలు ఇస్తామని చెప్పిన కొత్తవాళ్ళను 3.5 లక్షలకు చేరతారా అని అడిగింది. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను పంపేసింది. పరీక్షలో మూడుసార్లు తప్పారని కారణం చెప్పింది. వాళ్ళలో చాలామంది ఆఫర్ లెటర్ చేతిలో పట్టుకుని రెండేళ్ళకు పైగా పిలుపు కోసం ఎదురుచూసినవాళ్ళు. అదే ఏడాది జూన్‌లో టీసీఎస్ ఒక లెక్క పెట్టింది: ఏడాదిలో 225 రోజులు క్లయింటుకు బిల్లు పడాలి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు మించకూడదు. జూలైలో సుమారు 12,000 మందిని తగ్గిస్తామంది, ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్ళని. కింద ఉన్నవాడికి ఎదుగుదల లేదు, ఎదిగినవాడికి నిలకడ లేదు. ఇంత జరిగాక కూడా ఓర్పు పాఠం పిల్లలకేనా?

పైగా పెద్దమనుషుల హితబోధ ఒకటి. వారానికి 70 గంటలు పనిచెయ్యాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో సెలవిచ్చారు. 90 గంటలన్న ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్ గారి మాటలు 2025 జనవరిలో బయటికొచ్చాయి. అయ్యా, గంటలు ఇవ్వడానికి ఈ పిల్లలు ఎప్పుడూ వెనకాడలేదు. ద్రాక్ష తోటలో మందు కొట్టే రోజుల్లో మా ఇళ్ళల్లో గడియారం ఎవరు చూశారు? చేసిన చాకిరీ సాయంత్రానికి గుత్తిలో కనిపిస్తుంది కాబట్టి చేశారు. మీరు ఇచ్చే 70 గంటల చివర ఏం కనిపిస్తుందో ముందు చెప్పండి.

కోయంబత్తూరు వైపు మన తెలుగు ఇంట్లో పుట్టిన జి.డి. నాయుడు గారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. చదివింది ప్రాథమిక బడి. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి మనసుపడి, కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టి, దాన్ని కొని, విప్పి, మళ్ళీ బిగించాడు. 1920లో ఒక్క బస్సుతో పొళ్ళాచ్చి–పళని దారిలో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ నడిపాడు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలో తొలి విద్యుత్ మోటారు తయారుచేశాడు. 1945లో ఇంజనీరింగ్ కాలేజీ పెట్టించి, దానికి తానే ప్రిన్సిపాలయ్యాడు. నాలుగేళ్ళ కోర్సు కాలయాపన, రెండేళ్ళు చాలు అన్నాడు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదిలేశాడు. ఆ కాలేజీయే ఈనాటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

ఎనభై ఏళ్ళ కిందటే పిల్లల వయసు వృథా అవుతోందని కుర్చీ వదిలిన మనిషి ఉన్న నేల ఇది. ఇవాళ నాలుగేళ్ళు థియరీ రికార్డులు నకలు రాయించి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలో ఫోటో వేసి చేతులు దులుపుకుంటున్న కాలేజీ యజమానుల్లో ఒక్కడికైనా ఆ బాధ ఉందా?

తల్లిదండ్రులకూ ఒక మాట. కాలేజీ అప్పు తీరాలి, చెల్లి పెళ్ళి కావాలి, నిజమే. ఆ భారం పిల్లలకూ తెలుసు. తెలుసు కాబట్టే నోరు మూసుకున్నారు. కానీ "నీకన్నా కష్టపడేవాళ్ళు లేరా" అని ఏలకుల తోటను చూపించి వాళ్ళ నోరు నొక్కకండి. తోటలో కూలి అన్యాయం కాబట్టే కదా బిడ్డను చదివించారు. ఒక అన్యాయాన్ని చూపించి ఇంకోదాన్ని మింగమంటే ఎలా? (ఈ మాటలు తెలుగులో రాస్తున్నాను, మా లోయలో తెలుగు మాట్లాడేవాళ్ళలో చాలామందికి తెలుగు లిపి రాదని తెలిసే. చదవగలిగిన వాళ్ళు ఎవరైనా పైకి చదివి వినిపించండి.)

ఇక మీతో, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. మీలో కలుగుతున్న ఆ వెలితి సోమరితనం కాదు. పనివాడి చెయ్యి పని కోసం వెతుక్కుంటోంది. దాన్ని మందుతోనో, రీల్స్‌తోనో చంపకండి. మీకిచ్చిన ఆ పాత ప్రోగ్రాంనే నాయుడు గారు బండిని విప్పినట్టు విప్పండి. ఆ టికెట్ ఎక్కడ పుట్టింది, ఎవరి డబ్బు ఆగింది, ఎందుకు విరిగింది, చివరిదాకా తవ్వండి. "స్కోప్ కాదు" అన్నవాణ్ణి మళ్ళీ అడగండి. సర్టిఫికెట్ కోసం కాకుండా, మన ద్రాక్ష రైతుకో, జీపు యజమానికో, సంత లెక్కకో పనికొచ్చేది ఒకటి కట్టి వాళ్ళ చేతిలో పెట్టండి. అది విరిగినప్పుడు రైతు మిమ్మల్ని తిడతాడు. ఆ తిట్టులోంచి నేర్చుకునేది ఏ ట్రైనింగ్ క్యాంపస్‌లోనూ దొరకదు.

అది మీ వంతు. కంపెనీ వంతు కూడా వసూలు చెయ్యాలి. మొదటి రెండేళ్ళలో ప్రతి కొత్తవాడికీ పని నేర్పే సీనియర్ ఒకరుండాలి. వెళ్ళిపోవాలంటే 90 రోజుల నోటీసు అనే సంకెల తగ్గాలి. ఇస్తామన్న జీతం ఇవ్వాలి. వీటిని ఒక్కడు అడిగితే అప్రైజల్‌లో దెబ్బ పడుతుంది, నిజమే, అందుకే కలిసి అడగాలి. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ఐటీ ఉద్యోగులకూ వర్తిస్తుందని, వాళ్ళు యూనియన్ పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టం చేసింది. ఆ దారిలో నడిచింది ఇప్పటికీ కొద్దిమందే. ముందు మీ టీమ్‌లో మీలాగే రాత్రి షిఫ్టులో కూర్చున్న పక్కసీటు మనిషితో ఈ వారమే మాట్లాడండి.