ఆప్షన్లు మీరే పెట్టుకోండి

ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా మన ఇళ్లలో తీరు మారలేదు. ఆ 160 ప్రశ్నల కోసం రెండేళ్లు పిల్లల్ని రుద్దించి, కాలేజీ ఎంపికను మాత్రం ఆఖరి రాత్రి నెట్ సెంటర్ కుర్రాడికి అప్పగిస్తాం. కౌన్సెలింగ్‌లో కాలేజీల పేర్లు పెట్టే వెబ్ ఆప్షన్లలో వరసే ప్రాణం. పై నుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు ఏది ముందు దొరికితే ఆ సీటే ఇస్తారు. పదో నంబరులో ఉండాల్సింది మూడులో పెడితే మంచి ర్యాంకూ మట్టిపాలే. వరస పెట్టే ముందు బస్సు మీది ఫ్లెక్సీ కాదు, కిందటేడాది చివరి ర్యాంకుల పట్టిక చూడండి. ఒకసారి కాలేజీకి వెళ్లి ల్యాబ్ తలుపు తీయించండి. కంప్యూటర్ల మీద దుమ్ము పేరుకుని ఉంటే ఆ పేరు కొట్టేయండి.