సరిచూసే వారెవరు?

ఏ పథకం ఘనతనైనా కేటాయింపులతో కొలవడం ఢిల్లీ ఆనవాయితీ. కృత్రిమ మేధ విషయంలోనూ అదే జరుగుతున్నది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఇండియా ఎ.ఐ. మిషన్ వ్యయం ఐదేళ్లకు సుమారు రూ. 10,372 కోట్లు. తొలి లక్ష్యం పదివేల జి.పి.యు. చిప్‌లు కాగా, ఆ సంఖ్య 38 వేలు దాటిందని 2025లోనే ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే. అయితే యంత్రబలం పెరిగినంత మాత్రాన మేధ పెరుగుతుందా అన్నదే నా సందేహం.

కొంతవరకు పెరిగిన మాట నిజం. యంత్రబలం, పాఠ్యరాశి, నమూనా పరిమాణం కలిపి పెంచితే తప్పులు క్రమంగా తగ్గుతాయని ఓపెన్ఏఐ పరిశోధకులు 2020లో నిరూపించారు. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ వెనుక ఉన్నది ఆ సూత్రమే. కాని చిప్‌లను కొన్నట్లు మానవుల రాతలను కొని పెంచలేము. ఆ సంస్థ సహ వ్యవస్థాపకుడు ఇల్యా సుత్స్కెవర్ 2024 డిసెంబరులో వాంకూవర్ సదస్సులో ఇంటర్నెట్ సమాచారాన్ని శిలాజ ఇంధనంతో పోల్చి, ఈ తరహా శిక్షణకు ముగింపు తప్పదన్నారు.

అప్పటికే మరో దారి తెరుచుకున్నది. 2024 సెప్టెంబరులో ఓపెన్ఏఐ వారి ఓ1, 2025 జనవరిలో చైనా వారి డీప్‌సీక్ ఆర్1 వెలువడ్డాయి. ఇవి జవాబు చెప్పే ముందు అంచెలంచెలుగా ఆలోచిస్తాయి. సరైన జవాబు వచ్చినప్పుడల్లా ఆ ఆలోచనా సరళి బలపడేటట్లు శిక్షణ ఇస్తారు. గణితంలో, ప్రోగ్రాముల రచనలో ఈ పద్ధతి బాగా ఫలించింది. అక్కడ తప్పొప్పులు వెంటనే తేలిపోతాయి. పరిపాలనలో, న్యాయంలో అంత సులభంగా తేలవు.

సుప్రీంకోర్టు తీర్పులను తెలుగు తదితర భాషలలోకి అనువదించడానికి 2019 నుంచి 'సువాస్' అనే సాధనం ఉన్నది. కోర్టు పరిభాషలో 'లీవ్ గ్రాంటెడ్' అంటే అప్పీలుకు అనుమతి లభించిందని అర్థం. ఏ యంత్రమైనా దానిని 'సెలవు మంజూరైనది' అని తెనిగిస్తే, వాక్యంలో వ్యాకరణదోషం కనిపించదు. కక్షిదారుకు మాత్రం తన కేసు ఏమైందో తెలియదు. అది పట్టుకోవలసినవాడు న్యాయభాష, తెలుగు రెండూ ఎరిగిన అనువాదకుడు. అతని దిద్దుబాటే రేపటి యంత్రానికి పాఠం.

ఇంగ్లీషుతో పోలిస్తే ఇంటర్నెట్‌లో తెలుగు పాఠ్యం అత్యల్పం. కనుక అటువంటి అనువాదకుల అవసరం మనకే ఎక్కువ. కొన్న చిప్‌లు కొన్నేళ్లకే పాతబడతాయి. దిద్దిన పాఠం నిలుస్తుంది. పదివేల కోట్లలో సరిచూసే వారికి దక్కేదెంత? వారి శ్రమఫలం ప్రజల ఆస్తి అవుతుందా, ప్రైవేటు కంపెనీల సొత్తవుతుందా? పార్లమెంటు సభ్యులు మంత్రిని నిలదీయవలసినది ఈ ప్రశ్నలతోనే.